పక్క బురుజు

కోట సార్ పోయారన్న కబురు నాకు డాన్యూబ్ గట్టు మీద తెలిసింది. డెగ్గెన్‌డార్ఫ్ దగ్గర వరద కట్టలు తనిఖీ చేసే కంపెనీలో నా ఉద్యోగం. పొద్దున్నే గట్టు మట్టి తవ్వి పరీక్ష కోసం సంచుల్లో పోస్తుంటే ఫోన్ మోగింది. నేను చదువుకున్న యూనివర్సిటీలో తెలుగు విద్యార్థుల సంఘం చూసుకునే జూనియర్ అమ్మాయి.

"అక్కా, కోట సార్ పోయిండ్రంట. నిద్రలోనే గుండె ఆగిందంట. సార్ వాళ్ళ మేడం ఇప్పుడే ఫోన్ చేసిన్రు."

"ఊఁ" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ మనిషి నోటి నుంచి ఒక్క మాట కోసం నేను రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. "తప్పయిందమ్మా" అన్న మాట. ఇక నాకది ఎవరు చెబుతారు?

సాయంత్రం ఆ అమ్మాయే మళ్ళీ చేసింది. సంఘం పత్రికలో సార్ గురించి నేనే రాయాలట. "నువ్వే కదక్కా ఆయనకు ఇష్టమైన స్టూడెంట్‌వి. రెండు మంచి మాటలు రాయి."

"మంచి మాటలేనా?"

"పోయినోళ్ళ గురించి ఇంకేం రాస్తరక్కా!"

సరే. మంచి మాటలు చాలానే ఉన్నాయి, అవీ రాస్తాను. మిగతావి కూడా రాస్తాను. చదవలేనివాళ్ళు పేజీ తిప్పేయండి.

ఆయన్ని ఎరగనివాళ్ళ కోసం ముందు నుంచి చెబుతాను. సార్‌ది కొండపల్లి కోట కింద ఊరు. కుర్రతనంలోనే జర్మనీ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంజనీరింగ్ విద్యార్థులకు కోటల చరిత్ర చెప్పేవారు, అందుకే మాకు కోట సార్. గోడ ఎందుకంత మందం, బురుజు ఎందుకా ఆకారం, అగడ్తలో నీళ్ళు ఎందుకు, సొరంగం తవ్వుకుంటూ వచ్చేవాణ్ణి పైనున్నవాడు ఎలా పసిగడతాడు, ఇవీ ఆయన పాఠాలు. ఆయన విభాగం అంటే రెండు గదులు, ఒక సెక్రటరీ, అద్దాల బీరువా నిండా ప్లాస్టర్ కోటలు. అంతే.

ఆ క్లాసు మావాళ్ళతో కిటకిటలాడేది. కోటల మీద ప్రేమేం కాదు. పరీక్ష నోటితో ఉంటుంది, క్రెడిట్లు తేలిగ్గా వస్తాయి అని సీనియర్లు వాట్సాప్‌లో పెట్టారు. డేటా సైన్సు వాళ్ళు, మెకానికల్ వాళ్ళు, అందరూ వచ్చి కూర్చున్నారు. మొదటి రోజు ఆయన మమ్మల్ని కలయజూసి, అంతమంది జర్మన్ పిల్లల ముందు, తెలుగులో అడిగారు.

"ఏమర్రా, కోటల కోసం వచ్చారా, క్రెడిట్ల కోసం వచ్చారా?"

అందరం నీళ్ళు నమిలాం. నా పక్కనున్న నా రూమ్మేట్, నిజామాబాద్ పిల్ల, దానికి నోరాగదు. "క్రెడిట్లకే సార్" అంది.

ఆయన పడీ పడీ నవ్వారు. "పర్లేదు, కూర్చోండి. కోటలు కట్టినవాళ్ళు కూడా జీతాల కోసమే కట్టార్లే."

నేను వరంగల్ పిల్లని. మా ఇల్లు మట్టికోట పక్కనే. ఆ సంగతి చెబితే ఆయన కళ్ళు మెరిశాయి. "మీ ఊరికి చుట్టాలొస్తే ముందు ఏం చూపిస్తారు?" అన్నారు. "రాతికోట సార్. మట్టికోటల ఏమున్నది, దిబ్బ" అన్నాను. ఆయన చాక్‌పీసు కింద పెట్టేశారు. ఆ గంటంతా మా ఊరి దిబ్బ గురించే చెప్పారు. రాయి మీద ఫిరంగి గుండు పడితే రాయి పగిలి ముక్కలు లోపలివాళ్ళనే పొడుస్తాయట. మట్టిలో పడితే మట్టి దాన్ని మింగేస్తుందట. ఫిరంగులు రాకముందే మీవాళ్ళు మట్టిని నమ్మారు, ఫిరంగులు వచ్చాక ఇక్కడివాళ్ళకు నమ్మక తప్పలేదు అన్నారు. చిన్నప్పుడు నేను జారుడుబండలా జారిన గట్టు గురించి ఒకాయన జర్మనీలో అంత గౌరవంగా మాట్లాడుతుంటే రాసుకోవడం మానేసి వింటూ కూర్చున్నాను. ఆ రోజే నేను ఆయన మనిషినైపోయాను.

మడమ ముందు ఆనించే ఆయన బూట్ల చప్పుడు వరండాలో వినగానే మన అలవాటుగా మేమంతా లేచి నిలబడేవాళ్ళం, జర్మన్ పిల్లలు వింతగా చూసేవారు. ఆ క్లాసులో ఇంకో విచిత్రం ఉండేది. పాతకాలపు సైనిక ఇంజనీర్ల బడుల్లో ఒక పద్ధతి ఉండేదట. నువ్వు ఒక కోట గీస్తావు. దాన్ని ఇంకొకడికి ఇస్తారు. వాడు కాగితం మీదే దాన్ని ముట్టడించాలి. మొదటి రోజు కందకం ఇక్కడ తవ్వాను, ఫిరంగి ఇక్కడ పెట్టాను, ఫలానా రోజు గోడ కూలింది అని దినచర్య రాయాలి. సార్ మా చేత అదే చేయించేవారు. నా కోటను నా రూమ్మేట్‌కు ఇచ్చారు. అది చూస్తుండగానే ఉత్తరపు గోడ పడగొట్టి లోపలికొచ్చేసింది.

"ఎట్ల తెలిసిందే నీకు ఆ గోడే బలం తక్కువదని?" అని మీద పడ్డాను.

"ఆ గోడ గీసేటప్పుడు నీకు ఆకలైతుండె. జల్ది జల్ది గీసి అన్నం పెట్టుకున్నవ్. నేను చూడలేదనుకున్నవా!"

సార్ అది విని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. "శత్రువుకు అంత తెలియదమ్మా. నీతో కలిసి తిన్నవాళ్ళకే తెలుస్తుంది." అప్పుడు నేనూ నవ్వాను.

కోట అనగానే మనవాళ్ళు తలుపు గడియ తీసిన ద్రోహి కథ చెబుతారు కదా. ఆ కథలంటే ఆయనకు చిరాకు. ఎవరైనా మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టేవారు. "ద్రోహి మీదికి తోసేస్తే ఇంజనీరు తప్పించుకుంటాడు. ముందు బావిలో నీళ్ళున్నాయేమో చూడు. గాదెలో గింజలున్నాయేమో చూడు. తరవాత ద్రోహి సంగతి." ఈ మాట ఆయన చెప్పినప్పుడల్లా రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఎంత తెలివిగా చెప్పారో అనిపిస్తుంది, ఆ తెలివికి కడుపు మండుతుంది.

బయట ఆయన ఇంకో మనిషి. చెవి మీద పెన్సిల్ ముక్క, ఫ్లాస్కులో అల్లం టీ. ఎక్కడ మట్టి కనబడినా చిటికెడు తీసి వాసన చూసేవారు. సూపర్ మార్కెట్లో బిల్లు కట్టే వరసలో నిలబడి, "ఏమ్మాయ్, ఆ కౌంటర్ పిల్లకు కనబడకుండా ఎక్కడ నిలబడొచ్చో చెప్పు" అనేవారు. వెనక జర్మన్ ముసలమ్మ మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూసేది. ఏ గోడకైనా చూపు ఆనని చోటు ఒకటి ఉంటుందని, కట్టేవాడు ముందు దాన్ని వెతకాలని ఆయన పట్టుదల. దానికి విరుగుడు కూడా ఆయనే చెప్పేవారు. బల్ల మీద రెండు చేతులూ బాణపు ములుకుల్లా పెట్టి చూపించేవారు. "ఏ బురుజూ తన కాళ్ళ కిందకు తాను చూసుకోలేదమ్మా. దాని పాదం పక్క బురుజుకే కనబడుతుంది. అందుకే బురుజులు ఒకదాన్నొకటి కాచుకునేలా గీస్తారు. పక్కవాడి మీద నమ్మకం లేకపోతే ఈ కోటే లేదు."

ఆ మాట నేను నమ్మాను. కోటల విషయంలోనే కాదు, అన్నిటికీ నమ్మాను. నా తప్పంటారా? అనండి.

మాస్టర్స్ అయిపోయే వేళకు నాకు బ్రెమెన్‌లో విమానాల కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఎగిరి గంతేసి సార్‌కు చెప్పడానికి వెళ్ళాను. ఆయన స్వీటు తిన్నారు, సంతోషం అన్నారు, కిటికీలోంచి బయటికి చూశారు. తరవాత అన్నారు:

"రెక్కలకు రంధ్రాలు లెక్కపెట్టడానికా అమ్మా నువ్వు పుట్టింది? పడమటి బురుజు మనిద్దరం గీద్దాం. చలికాలం పోగానే నీకు పీహెచ్‌డీ పొజిషన్ వస్తుంది. నేనున్నాను కదా."

పడమటి బురుజంటే, మా యూనివర్సిటీ ఊరి నుంచి రైలెక్కితే కాసేపట్లో వచ్చే చిన్న టౌనులో ఇటుకల కోట ఒకటుంది, దానిది. మిగతా మూడు బురుజులూ ఆయన యౌవనంలోనే గీసేశారు. పడమటిది ముళ్ళపొదలు కమ్మి, సగం కూలి, ఎవరూ కొలవకుండా ఉండిపోయింది. నాలుగో బురుజు లేకుండా ఆయన పుస్తకం పూర్తికాదు. ఆయన జీవితమంతా ఆ పుస్తకమే.

బ్రెమెన్ వాళ్ళకు రానని చెప్పేశాను. నా రూమ్మేట్ తల పట్టుకుంది.

"ఓ పిచ్చిదానా, కాగితం ఉన్నదా? సంతకం పెట్టిన ఫెర్ట్రాగ్, కాంట్రాక్టు ఉన్నదా?"

"సార్‌ను కాగితం అడుగుతరానే? మాట ఇచ్చిన్రు."

"ఇది జర్మనీ తల్లీ! ఈడ ఇల్లు మారితే ఆన్‌మెల్డుంగ్ కాగితం, సైకిల్ పోతే కాగితం. నీ వీసా అయిపోతే ఆ ఆఫీసులోళ్ళకు సార్ మాట వినిపిస్తవా?"

వాదించింది, ఏడిచింది, రెండు రోజులు మాట్లాడలేదు. మా నాన్నకు ఫోన్ చేస్తే ఆయన నా వైపే. "సార్ మాటిచ్చిండు కదా బిడ్డా, మన తెలుగాయన, ఇంకేం గావాలె" అన్నాడు. జర్మన్ ప్రొఫెసర్ అయితే నేను కచ్చితంగా కాగితం అడిగేదాన్ని. ఈయన దగ్గర ఆ ఆలోచన వస్తేనే సిగ్గనిపించింది. ఈ పొరపాటు మనవాళ్ళే చేస్తారు.

ఆ చలికాలం గురించి అబద్ధం చెప్పను. నా జీవితంలో అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ముళ్ళు కొట్టుకుంటూ, టేపు పట్టుకుని ఇటుక ఇటుకా కొలుచుకుంటూ వెళ్ళేవాళ్ళం. చేతులు కొంకర్లు పోయేవి. ఫిరంగి పెట్టే గూట్లో కూర్చుని మేడం కట్టిచ్చిన పులిహోర తినేవాళ్ళం. ఒకసారి పొద కింద నేను పొగ బయటికి పోయే గొట్టం మూతి కనిపెట్టాను, ఆయన ఎన్నేళ్ళుగానో వెతుకుతున్నది. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి, "మా అమ్మే, మా తల్లే" అన్నారు. గోడను చూసి దాన్ని కట్టినవాడి భయం ఏమిటో చెప్పడం ఆయన నేర్పారు. మట్టి ఎక్కడ తడిసిందో, ఎక్కడ జారబోతోందో వేలితో కనుక్కోవడం నేర్పారు. ఇవన్నీ నిజం. నేనెవరికీ ఇచ్చుకోను వీటిని.

బురుజు పని ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం విభాగంలో కేకు కోస్తున్నారు. సెక్రటరీ, పెద్దావిడ, నాకు ముక్క తీస్తూ జర్మన్‌లో అడిగింది:

"నువ్వు ఇక ఎక్కడికి వెళ్తున్నావు?"

"ఎక్కడికీ వెళ్ళను. నా పీహెచ్‌డీ ఇక్కడే కదా."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది. "ఇక్కడా? వచ్చే సెమిస్టర్‌కి ఈ విభాగమే ఉండదు కదా. ఈ కేకు నా వీడ్కోలు కేకు."

"ఎప్పుడు నిర్ణయించారు?"

"ఎండాకాలంలోనే. ఆయన్ని పిలిచి చెప్పారు. నీకు చెప్పలేదా?"

బ్రెమెన్ ఆఫర్ వచ్చింది ఆకులు రాలే రోజుల్లో. కేకు ప్లేటు ఎక్కడ పెట్టానో తెలియదు. రైలెక్కి నేరుగా కోటకు వెళ్ళాను. ఆయన బురుజు మీద ఒక్కరే ఉన్నారు, చివరి మూల కొలతలు సరిచూసుకుంటూ.

"మీకు ఎప్పటి సంది తెలుసు సార్?" అన్నాను.

దేని గురించి అని అడగలేదు. అంతవరకు మెచ్చుకోవాలి. "నీకు బ్రెమెన్ నుంచి పిలుపు వచ్చేటప్పటికే తెలుసు" అన్నారు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెబితే నువ్వు వెళ్ళిపోయేదానివి కదమ్మా."

అంతే. ఏ మాత్రం తడబాటు లేదు. వర్షం వస్తోంది అని చెప్పినట్టు చెప్పారు. తరవాత పెన్సిల్‌తో అటు చూపించి, "ఆ మూల ఒక్కటే మిగిలింది. టేపు అవతలి కొస పట్టుకుంటావా?" అన్నారు.

ఏం మనిషండీ! నమ్మించి గొంతు కోసి, మళ్ళీ టేపు కొస నా చేతికిస్తున్నాడు. వీసా ఎప్పటిదాకా ఉందో ఆయనకు తెలుసు, బ్రెమెన్ వద్దనుకున్నాక నాకు వేరే దారి లేదనీ తెలుసు, కాగితం అడగననీ తెలుసు. నేనే చెప్పాను అన్నీ, పులిహోర తింటూ. కావాలనే నన్ను నట్టేట ముంచారు. నేను టేపు పట్టుకోలేదు. వెనక్కి తిరిగి మెట్లు దిగి వచ్చేశాను. ఆ మూల ఆయన ఎలా కొలిచారో నాకు తెలియదు, ఒక్కరే రాయి కింద పెట్టి కొలిచి ఉంటారు. పుస్తకం మాత్రం పూర్తయింది.

ఆ తరవాతి నెలలు ఇలా గడిచాయి. వీసా ఆఫీసు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, కోసం పొద్దున్నే లేచి ఫోన్ పట్టుకుని కూర్చోవడం, బేకరీలో పని, ఎక్కడ పడితే అక్కడికి దరఖాస్తులు. బ్రెమెన్ వాళ్ళు ఆ ఉద్యోగం ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశారు. సంచీ సర్దుకోవడమే మిగిలిందనుకున్నాక ఈ గట్ల కంపెనీ వాళ్ళు పిలిచారు. ఇంటర్వ్యూలో ఒక మట్టి ముద్ద చేతిలో పెట్టి ఇదేమిటి అని అడిగారు. చిటికెడు తీసి వాసన చూశాను. అలా ఉద్యోగం, ఇక్కడ ఉండడానికి బ్లూ కార్డు వచ్చాయి. ఆయన నేర్పినదే నాకు అన్నం పెట్టింది, ఆయన చేసినదే నన్ను రోడ్డున పడేసింది. రెండూ కలిపి ఒక మాటగా చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఒకసారి సార్ ఫోన్ చేశారు. ఎవరి ద్వారానో నా కొత్త నంబరు సంపాదించారు.

"గట్ల మీద పనటగా. నది వైపు చూసి మోసపోకు. ఊరి వైపు, గట్టు అడుగున చూడు. అక్కడ చెమ్మ ఉందంటే లోపల నీళ్ళు దారి చేసుకుంటున్నాయని."

"చూస్తా సార్."

చాలాసేపు ఊపిరి వినబడింది. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని ఫోన్ చెవికి గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

"భోంచేశావా?" అన్నారు.

"చేసిన."

"సరే, ఉంటానమ్మా."

అదే ఆఖరు. మర్నాటి నుంచి ఊరి వైపే ముందు చూస్తున్నాను, ఇవాళ్టికీ. ఆ పెద్దమనిషికి మాటలు రాక కాదు. తలుపు తీసిన ద్రోహి కథలు ఆయనకెందుకు గిట్టేవి కావో నాకు ఆ రోజు బాగా అర్థమైంది.

దహనం రోజు నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను. కుర్చీల హాలు, తెల్లపూలు, నల్లకోట్లు. పాత సహోద్యోగి ఒకాయన లేచి, "ఆయన తన విద్యార్థుల చెయ్యి ఎప్పుడూ విడవలేదు" అని జర్మన్‌లో చదివాడు. అందరూ తలలూపారు. నా రూమ్మేట్ మ్యూనిక్ నుంచి వచ్చింది, నా పక్కనే కూర్చుంది. నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది, లేచి ఏదైనా అరుస్తానేమోనని.

తరవాత అందరం సార్ ఇంటికి వెళ్ళాం. లిఫ్టు లేని పాత బిల్డింగు, పై అంతస్తు. తిన్నారు, సార్ మంచితనం చెప్పుకున్నారు, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రూమ్మేట్ రైలుకు టైమైందని బయల్దేరింది. వంటింట్లో మేడం, నేను మిగిలాం. ఆవిడ టీ పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు రావనుకున్నానమ్మా."

"నేను గూడ అట్లనే అనుకున్న మేడం."

"విభాగం మూసేస్తున్నారని ఆయన నాకూ చెప్పలేదు. ఆ సెక్రటరీ కేకు ముక్క ఇంటికి పంపించింది. ఇదేం కేకండీ అని అడిగితే అప్పుడు చెప్పారు." గ్లాసు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుంది. "రిటైరయ్యాక విజయవాడ వెళ్ళిపోదామని నాకూ మాటిచ్చారు. ఆ బురుజు అవ్వనీ, ఈ పుస్తకం అవ్వనీ అంటూ... మా తమ్ముడు ఇల్లు కూడా చూసి పెట్టాడు."

ఇన్నాళ్ళూ ఈ గాయం నా ఒక్కదానిదే అనుకున్నాను.

"ఆయన్ని క్షమించావా?" అని అడిగింది.

"లేదు మేడం. మీరు?"

"లేదు. పొద్దుటి నుంచీ ఎంతమంది వచ్చి ఎంత చక్కగా అబద్ధాలు చెప్పారో. నువ్వొక్కదానివే నిజం చెప్పావు." ఆవిడ ముక్కు చీదుకుంది. "క్షమించకు. నా కోసమని కూడా చెయ్యకు."

"చెయ్య మేడం. ఎప్పటికీ చెయ్య" అన్నాను. అన్నాక ఛాతీలో బరువు కొంచెం దిగింది.

మిగిలిన కూరలూ ప్లేట్లూ సంచీలో కట్టి, కింద పెరట్లో చెత్తడబ్బాలో వేసి వస్తానంది. నేను వెళ్తానంటే వినలేదు, కాస్త గాలి పీల్చుకుంటానంది. బయట మంచు గడ్డకట్టి జారుతోంది, తన చెప్పులు పనికిరావు. తలుపు పక్కనున్న సార్ బూట్లలో కాళ్ళు దూర్చి, తాళ్ళు కట్టుకోకుండానే దిగివెళ్ళింది. నేను టీ తాగుతూ కూర్చున్నాను. నేను అన్నమాట నాకే మళ్ళీ ఒకసారి చెప్పుకున్నాను. ఎప్పటికీ చెయ్యను.

కాసేపటికి మెట్ల మీద చప్పుడు మొదలైంది. బరువుగా, మడమ ముందు ఆనించి, ఒక్కో మలుపు దగ్గరా కాస్త ఆగి, మళ్ళీ. ఎవరో నాకు తెలుసు. ఇప్పుడే నా కళ్ళముందు కిందికి దిగిన ఆవిడ. కాళ్ళకు వదులైన బూట్లు వేసుకుంది కాబట్టి అలా మోగుతున్నాయి. అంతా తెలుసు. చప్పుడు ఆఖరి మలుపు తిరిగి, వరండాలోకి వచ్చి, తలుపు ముందు ఆగింది.

అప్పటికే నేను గ్లాసు బల్ల మీద పెట్టి, చున్నీ సర్దుకుని, లేచి నిలబడి ఉన్నాను.